ఒంగిన నీటి అంచు

2023 వానాకాలం. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద ఒక కళ్లద్దాల షాపులో నేను ఆప్టోమెట్రిస్టుని, అంటే చూపు పరీక్షించి అద్దాల పవర్ రాసే మనిషిని. పాపకు ఎనిమిదో నెల. నారాయణగూడలోని క్రెష్‌లో వదిలి, మళ్లీ డ్యూటీలో చేరి పది రోజులైంది. ఫోన్ ఎప్పుడూ టేబుల్ మీద, కళ్లకెదురుగా పెట్టుకునేదాన్ని.

అప్పుడు వచ్చారు యాదగిరి సార్. యాభై రెండేళ్లు, అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతారు. బోర్డుకొక జత, పేపర్లకొక జత మార్చుకోలేకపోతున్నానన్నారు. అలాంటివారికి ప్రోగ్రెసివ్ లెన్స్ రాస్తాం. దాని పైభాగం దూరానికి, అడుగుభాగం చదవడానికి. మధ్యలో, చేయి చాపినంత దూరానికి సన్నని దారి ఒకటి ఉంటుంది. ఆ దారి తప్పి పక్కల నుంచి చూస్తే తిన్నని గీతలు వంగి కనిపిస్తాయి. పరీక్ష మధ్యలో క్రెష్ నుంచి ఫోన్ వచ్చింది, పాపకు ఒళ్లు వెచ్చగా ఉందని. కార్డులో వృత్తి దగ్గర 'టీచర్' అని రాసి, పవర్ రాసి పంపేశాను.

రెండు నెలలకు, ముక్కు దగ్గరి ప్యాడ్ ఊడిందని మళ్లీ వచ్చారు. చంకలో న్యూస్ పేపర్ చుట్టిన కట్ట.

"ఏంటి సార్ అవి?"

"బొమ్మలు మేడం. హుస్సేన్ సాగర్, అవతలి ఒడ్డు. ఇరవై ఏండ్ల సంది ఆదివారం ఆదివారం ఏస్తున్న. ఎవ్వరు నేర్పలే. రంగుల డబ్బ అటకెక్కించిన. ఇవి పాత పేపర్ల షాపుకు."

"ఎందుకు?"

"చెయ్యి పోయింది. నాకైతే సక్కగనే కనిపిస్తది గని మా ఆవిడ నవ్వుతది. 'సాగర్ ఒంగింది, నీళ్లన్ని చెరువు కట్ట కింద కవాడిగూడల పడ్తయి, అక్కడోళ్లకు జర పోయి చెప్పిరా' అంటది. నేర్చుకున్న చెయ్యి కాదు గద మేడం. ఇన్నేండ్లు నడిచిందే ఎక్కువ."

కట్ట విప్పించాను. పాత బొమ్మల్లో నీటి అంచు స్కేలు పెట్టినట్టుంది. చివరి నాలుగింటిలో రెండు కొసలూ కిందికి జారాయి. వెనక తేదీలు చూశాను. నాలుగూ నేనిచ్చిన అద్దాల తర్వాతవే.

గోడకు తెల్ల కాగితం అంటించి, అద్దాలతో ఒక గీత గీయమన్నాను. కొసలు జారాయి. తర్వాత, పరీక్షలో లెన్సులు మార్చి చూసే ట్రయల్ ఫ్రేమ్ పెట్టి, చేయి చాపినంత దూరానికి ఒకే పవర్ వేసి, మళ్లీ గీయమన్నాను. గీత ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నగా వెళ్లింది.

సార్ ఆ రెండు గీతల వెంబడీ వేలు జరిపి చూశారు.

"అంటే చెయ్యి మంచిగనే ఉందా?"

"ఉంది సార్. తప్పు నాది. అద్దాలు పెట్టుకుని ఇంకేం చేస్తారని నేను అడగలేదు."

"నేను గూడ చెప్పలే. లెక్కల సారు బొమ్మలేస్తడంటే పిల్లలు నవ్వుతరు," అంటూ కట్ట మళ్లీ జాగ్రత్తగా చుట్టుకున్నారు.

బొమ్మల కోసం విడిగా ఒక జత చేయించాను. కొన్ని వారాలకు షాపు ముందు నుంచి పోతూ, తలుపు సందులో తల పెట్టి, "కవాడిగూడకు భయం లేదంట మేడం," అని చెప్పి వెళ్లిపోయారు.

పాపకు ఆ రోజు వెచ్చదనం సాయంత్రానికే తగ్గింది. నా పది నిమిషాల కంగారు మాత్రం ఆయన దగ్గర రెండు నెలలు ఉండిపోయింది. ఇప్పటికీ ఫోన్ టేబుల్ మీదే ఉంటుంది, అది మానలేకపోయాను. కానీ వృత్తి రాశాక పెన్ను కింద పెట్టి, "ఇంకేం చేస్తారు?" అని అడుగుతాను. చాలామంది ఏమీ లేదంటారు. రెండోసారి అడిగితే చెబుతారు.