సత్తయ్య సారు చేతిలోంచి జారిన విభూతి బిళ్ళ

ముసలివాళ్ల చేతిలోంచి చాయ్ గ్లాసు జారితే మీరు ముందు ఎవరిని తలుచుకుంటారు, డాక్టరునా, దేవుణ్ణా?

మెదక్‌లో రెండు తరాల పిల్లలకు సైన్సు చెప్పిన మా సత్తయ్య సారు గత మంగళవారం కన్నుమూశారు. గుండె ఆగింది. అంత్యక్రియల దగ్గర నాకు ఒళ్ళు మండింది. "చెయ్యి పట్టు తప్పినప్పుడే దేవుడు ఇషారా ఇచ్చిండు" అని నా వెనక ఒకాయన అన్నాడు. తలూపినవాళ్లలో ఇద్దరు సారు దగ్గర చదువుకున్నవాళ్లే.

ఊరూరా తిరిగి బాబాల మహిమల గుట్టు విప్పడం సారు జీవితవ్రతం. గంజితో గట్టిపరచిన విభూతి బిళ్ళను బొటనవేలి సందున దాచి, చెయ్యి గాలిలో తిప్పుతూ నలిపి, జనం దోసిట్లో రాల్చేవారు. ఆ వెంటనే కిటుకు చెప్పేవారు. రెండేళ్ల కింద, నేనూ వెంట వెళ్లిన టేక్మాల్ సభలో ఆ బిళ్ళ నలగలేదు. జారి అందరి ముందు కింద పడింది.

"ఏం సారూ, దేవుడు చేతిల బలం గుంజుకున్నడా?" అన్నాడు ముందు వరుసలోని మల్లేశం అనే రైతు. సభంతా గొల్లున నవ్వింది.

సారు వంగి, రెండో ప్రయత్నంలో గాని బిళ్ళను ఏరుకోలేకపోయారు. "నాకు డెబ్బై ఆరేండ్లు బిడ్డా. కండ కరిగింది, పట్టు తగ్గింది. మీ అవ్వ చేతిల గిలాస నిలుస్తుందా? గామె ఏ దేవుణ్ణి తిట్టింది?"

మల్లేశం నవ్వు ఆగిపోయింది. తల్లి చేతికి తాయెత్తు కట్టించామని, గిన్నెలు పడేస్తోందని ఏదీ ముట్టుకోనివ్వడం లేదని నసిగాడు. సారు నేరుగా వాళ్లింటికి నడిచారు. పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి స్టీలు గ్లాసుకు తొడిగారు. ముసలామె రెండు చేతులా పట్టి తాగి, "కోడలా, ఇగ జర నిండ పొయ్యి" అంది.

తిరుగు బస్సులో నేనొక నీచపు సలహా ఇచ్చాను. ఈ ప్రదర్శన ఇక మానేయండి, ఎగతాళి చేసేవాళ్లకు సందు ఇవ్వొద్దు అన్నాను.

"నా చెయ్యి దాచుకుంటే వాళ్లు చెప్పిందే నిజమైతది. నువ్వు గూడ గట్లనే అంటవారా?"

ఆ తర్వాత అల్లాదుర్గ్ మొదలుకొని ప్రతి సభనూ బిళ్ళను కావాలనే జారవిడిచి ప్రారంభించారు. ఎందుకు జారిందో వివరించారు. ఒక్క చెయ్యే ఉన్నట్టుండి పట్టు తప్పితే అది వయసు కాదు, పక్షవాతం కావచ్చు, నిమిషం ఆగకుండా దవాఖానకు ఉరకాలని ప్రతిచోటా చెప్పారు. విన్నవాళ్లు చప్పట్లు కొట్టి, ఇంటికెళ్లి దిష్టి తీశారు.

తన బలహీనతనే పాఠంగా నిలబెట్టిన అలాంటి మనిషి ఆయన వెంట తిరిగిన మాలో మరొకరు లేరు. నాకూ ఆ ధైర్యం లేదు.

చదువుతున్న మీరు నిట్టూర్చి ఊరుకోవద్దు. ఇవాళే మీ ఇంటి పెద్దల మణికట్టు మీది తాయెత్తు తెంపండి. మీ చేతిని గట్టిగా పట్టుకోమనండి. పట్టు సడలిందా, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.