కారు నాలుక

ఇప్పుడైతే ఏ అనుమానం వచ్చినా జేబులోంచి ఫోను తీసి అడిగేస్తున్నాం. ఆ రోజుల్లోనూ ఫోన్లున్నాయి, కాకపోతే మా గేరు మామ ఫోనును నమ్మేవాడు కాదు. ఆయన నమ్మకమంతా రెండింటి మీదే: ఒకటి తన చెవి, రెండోది నా డిప్లొమా. చెవి సంగతి నాకు తెలియదు. డిప్లొమా సంగతి బాగా తెలుసు కాబట్టి, మెకానికల్ పూర్తిచేసి ఇంటికొచ్చిన ఆ వేసవిలో మామ ఎదురుపడితే కొంచెం బెదురుగానే తిరిగేవాణ్ణి. నాకు తెలియనిది చాలా ఉందన్న సంగతి ఆయనకు తెలియకూడదు. కానీ తెలియనిదాన్ని తెలుసుకోవాలన్న దురద మాత్రం ఒళ్ళంతా ఉండేది. ఆ దురదే మా ఇద్దర్నీ ఒక్కచోటికి చేర్చింది.

గేరు మామ మా అమ్మకు సొంత తమ్ముడు. మల్దకల్ దగ్గర విత్తనాల కంపెనీలకు సీడు పత్తి పండించేవాడు. అన్నం తింటున్నా, కబుర్లు చెబుతున్నా ఎడమచేయి ఊరికే ముందుకూ వెనక్కూ కదులుతుండేది కనుక ఆ పేరు వచ్చింది. ఆయన దగ్గరొక పాత పెట్రోలు కారుండేది. మెంతిపొడి రంగు. నలుగురెక్కితే మిట్ట ఎక్కడానికి ఆలోచించేది. "అల్లుడా, దీనికి ఊపిరి చాల్తలేదురా. ఊపిరి వోస్తె ఎట్ల ఉరుకుతదో జూడు" అని హైదరాబాదు పోయి ఒక సూపర్‌చార్జర్ పట్టుకొచ్చాడు. ఇంజినుకు బెల్టు కట్టి తిప్పితే, గాలిని బలవంతంగా సిలిండర్లలోకి తోసే యంత్రమది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ కాలుతుంది, బలం పెరుగుతుంది. దాన్ని ఎలా బిగించామో ఇప్పుడు చెబితే నా డిప్లొమా వెనక్కి తీసుకుంటారు. ఎలాగో బిగించాం. యాక్సిలేటరు తొక్కితే మిక్సీలో పచ్చడి రుబ్బుతున్నట్టు కుయ్యిమని అరిచేది. మామకు అది సన్నాయిలా వినబడేది.

అత్తకు అలా వినబడేది కాదు. మా అత్తది అచ్చంపేట. ఆమె లోకాన్ని రెండు ముక్కలు చేసి పెట్టుకుంది: వేడి చేసేవి, చలువ చేసేవి. కోడిగుడ్డు వేడి, మజ్జిగ చలువ. బొప్పాయి వేడి, సబ్జా గింజలు చలువ. (ఎదురింటి పంతులు వేడి, ఆయన భార్య చలువ.) ఎవరికి ఏ బాధ వచ్చినా ముందు "నాలిక తియ్" అనేది. తెల్లగా ఉంటే ఒక వైద్యం, నల్లగా ఉంటే ఇంకొకటి. డిప్లొమా పరీక్షల ముందు నా నాలుక చూసి "మస్తు వేడి జేసింది, సదువు ఎక్కువైంది" అని తేల్చింది. నా జీవితంలో ఆ మాట అన్నది ఆమె ఒక్కతే.

కారు మూడోసారి తోవలో ఆగి, ట్రాక్టరుకు కట్టి ఇంటికి లాక్కొచ్చిన రోజున అత్త వాకిట్లో నిలబడి చెప్పింది. "ఇగో, ఒక్క మాట జెప్త ఇను. వచ్చే నెల మా తమ్ముని లగ్గం. పెండ్లికొడుకును జేసేనాడు ఇంటి ఆడబిడ్డగ మొదటి నలుగు నేను వెట్టాలె. ఎండ నెత్తిమీదికి రాకముందే అచ్చంపేటల ఉండాలె. ఈ బండిల నన్ను యాళ్లకు తీస్కపోతివా, బండి నీది. తొవ్వల ఆగిందా, తెల్లారి పాత ఇనుప సామానోనికి ఇచ్చేస్త."

"బస్సుల పోదాం తియ్యే" అని మామ అనుంటే గొడవే ఉండేది కాదు. కానీ మామ చేయి గేరు మార్చేసింది. "గట్లనే గానీ. నీ తమ్మునికంటె ముందు నిన్నే పెండ్లికూతురు లెక్క దించుత" అన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి మెల్లగా, "ఏమంటవ్ అల్లుడా, అయితదా?" అని అడిగాడు. అవుతుందన్నాను. వద్దని చెప్పేంత చదువు నాకు లేదు.

గద్వాలలో ఒక విడిభాగాల సేటు దగ్గరికి పోయాం. కొత్త స్పార్కు ప్లగ్గులు వేస్తే సగం జబ్బు పోతుందని మామ చెవి చెప్పింది. సేటు రెండు రకాలు బల్లమీద పెట్టి, "ఒకటి గరం రకం, ఒకటి సల్ల రకం. ఏది ఇయ్యాలె?" అన్నాడు. చేతిలోకి తీసుకుని చూశాను. రెండూ చూడ్డానికి ఒక్కలాగే ఉన్నాయి. అవే మర చుట్లు, అదే తెల్లటి పింగాణీ. నిప్పు పుట్టించే వస్తువులో చల్లటి రకం ఏమిటి? క్లాసులో ఈ సంగతి చెప్పే ఉంటారు. ఆ రోజు కిటికీ పక్కన గాలి బాగా వచ్చి ఉంటుంది, నేను నిద్రపోయి ఉంటాను.

"గరందే ఇయ్యి సేటూ" అన్నాడు మామ. "పహిల్వాన్‌కు తిండి గట్టిగ వెట్టాలె గదా. మజ్జిగ వోస్తె కుస్తీ పడ్తడా?" ఆ తర్కం నాకు నిజంగానే నచ్చింది. బలం పెంచాం కాబట్టి నిప్పు కూడా గట్టిగా ఉండాలని నేనూ తల ఊపాను.

ఇటిక్యాల రోడ్డు మీద పరీక్ష పెట్టాం. మొదట కారు పరుగెత్తింది. మామ కేక వేశాడు, నేనూ వేశాను. ఇంతలో మిట్ట వచ్చింది. బరువు పడగానే ఇంజిను లోపల డబ్బాలో పల్లికాయలు వేసి ఊపినట్టు టకటకమని మోత. కారు ఆపి, చల్లారేదాకా కాచుకుని, రుమాలు చుట్టి ప్లగ్గు విప్పాను. కొసన ఉన్న పింగాణీ సున్నం వేసిన గోడలా పాలిపోయి, అక్కడక్కడా పొక్కులెక్కింది. ఇంటికి తెస్తే అత్త దాన్ని వెలుతురులోకి ఎత్తి చూసి, ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఇది నాలికే గదరా. గింత తెల్లగైందంటె లోపల మస్తు వేడి జేసింది. దీనికి చలువ జేసేది వెట్టుండ్రి."

ఆ సాయంత్రం సేటు దగ్గర్నుంచి చల్లటి రకం కూడా ఒకటి తెచ్చి, రెండు రకాల ప్లగ్గులనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాను. అప్పుడు కనబడింది తేడా. గరం రకంలో పింగాణీ ముక్కు పొడుగ్గా ఉంది. దాని కొసన పుట్టిన వేడి బయటికి రావాలంటే చాలా దూరం నడవాలి. చల్లటి రకంలో ముక్కు పొట్టి, వేడి తొందరగా ఇంజిను ఇనుములోకి దిగిపోతుంది. అంటే ప్లగ్గు ఇచ్చే నిప్పులో తేడా ఏమీ లేదు, తన ఒంట్లో వేడి దాచుకోవడంలోనే తేడా! సూపర్‌చార్జర్ ఉన్న ఇంజిన్లో అసలే వేడెక్కువ. దానికి పొడుగు ముక్కు ప్లగ్గు పెడితే కొస ఎర్రగా కాలి, నిప్పు పడాల్సిన సమయానికి ముందే పెట్రోలును అంటించేస్తుంది. ఆ మోత అదన్నమాట. నాకు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు. చదువు మొత్తంలో నా అంతట నేను కనుక్కున్న మొదటి సంగతి అది. (పుస్తకంలో ఉన్నదే అని తర్వాత తెలిసింది. అయినా ఆనందం తగ్గలేదు.)

ఆనందంలో తప్పు చేయడం తేలిక. చలువ మంచిదైతే ఎక్కువ చలువ ఇంకా మంచిదని ముగ్గురం ఏకమయ్యాం. సూపర్‌చార్జర్ అమ్మినాయనకే చెప్పి, పందేల కార్లకు వేసే అన్నింటికన్నా చల్లటి ప్లగ్గులు బస్సులో తెప్పించాం. ప్లగ్గు మీది నంబరు ఒక కంపెనీకి పెరిగితే చలువ, ఇంకో కంపెనీకి పెరిగితే వేడి అని అప్పుడే తెలిసి, అన్నీ సరిచూసి మరీ బిగించాను. ఖాళీ రోడ్డు మీద కారు వెన్నలా పోయింది.

లగ్గానికి బయలుదేరిన పొద్దున అత్త పట్టుచీర కట్టుకుని, సారె గంప ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది. వనపర్తి దాకా రాజాలా వచ్చాం. వనపర్తిలో సంత. మేకలు, ఆటోలు, వెదురు తట్టలు, ఎవరూ ఎవరికీ దారి ఇవ్వడం లేదు. మేక నడకన పోతూ పోతూ ఇంజిను ఒకసారి తుమ్మింది, ఇంకోసారి తుమ్మింది, ఒళ్ళంతా విదిలించి ఆగిపోయింది. అత్త కిటికీలోంచి ఎండను చూసింది. మామ చేయి కదలడం మానేసింది. ఆయన్ని అలా చూడ్డం నాకు అదే మొదలు. ఆ మెంతిపొడి కారంటే ఆయనకెంత ప్రేమో, అత్తకు ఆ మొదటి నలుగు ఎంత ముఖ్యమో, రెండూ నా చేతుల్లో పడ్డాయని అప్పుడు అర్థమైంది.

ప్లగ్గు విప్పితే కొస మసితో నల్లగా, తడితడిగా ఉంది. అత్త తల బయటికి పెట్టింది. "ఏంది గట్ల నల్లగైంది? చలువ ఎక్కువైంది గదరా! మజ్జిగ ఎక్కువ తాగిపిస్తె పిల్లలకు జలుబు జేస్తలేదా?"

"మల్ల గరందే వేద్దామా?" అన్నాడు మామ నీరసంగా.

"జలుబు జేసిందని మిరపకాయలు తినవెడ్తరా ఎవరన్న? నడిమిట్లది సూడుండ్రి" అంది అత్త.

నడిమిట్లది! ప్లగ్గు కొస తన మసిని తాను కాల్చుకునేంత వేడిగా ఉండాలి, పెట్రోలును ముందే అంటించేంత వేడిగా ఉండకూడదు. నెమ్మదిగా పోయేటప్పుడు మా పందెం ప్లగ్గులకు ఆ కాస్త వేడి కూడా దొరకలేదు. కంపెనీ వాడు ఈ కారుకు చెప్పిన రకం కన్నా ఒక్క మెట్టు చల్లటిది కావాలి, అంతే. సంతలో పడి పరుగెత్తాను. నాలుగో దుకాణంలో దొరికింది, వేరే కారుకు వేసే రకం. మర సరిపోయింది, పొడుగూ సరిపోయింది.

బిగించబోతూ ఆగాను. గాలి ఒత్తిడి ఎక్కువున్న చోట నిప్పురవ్వ ఎక్కువ దూరం దూకలేదు. గాలిలో బీడీ వెలిగించేవాడు చేతులు దగ్గరగా పెట్టుకోడా, అలా ప్లగ్గు కొసన ఉన్న సందు తగ్గించాలి. సందు కొలిచే రేకు ఇంట్లోనే మర్చిపోయాను. "అత్తా, గట్టి కాగితం ఏదన్న ఉందా?" అంటే, సంచిలోంచి తమ్ముడి లగ్గం కార్డు తీసి ఇచ్చింది. ఒక మడత పెట్టి, అది బిగువుగా దూరేంత సందు ఉంచుతూ ప్లగ్గులన్నీ మెల్లగా తట్టాను. లక్ష్మీదేవి బొమ్మ మీద మసి అంటితే అత్త లెంపలు వేసుకుంది కానీ, వద్దనలేదు.

కారు అందుకుంది. నాగర్‌కర్నూల్ దాటిన తర్వాత మిట్ట వచ్చినప్పుడు ముగ్గురం ఊపిరి బిగబట్టి విన్నాం. సూపర్‌చార్జర్ కుయ్యిమంది. టకటక లేదు, తుమ్ము లేదు. మామ చేయి మళ్ళీ కదిలింది, ఈసారి నిజం గేరు మీదే.

ఎండ ఇంకా నెత్తికి ఎక్కకముందే అచ్చంపేటలో దిగాం. పీట మీద కూర్చోబెట్టిన తమ్ముడికి అత్త మొదటి నలుగు పెట్టింది. ముత్తయిదువలు పాట అందుకుంటుంటే, మిగిలిన పసుపు అరచేతిలో పట్టుకుని బయటికి వచ్చి, బానెట్ మీద ఫట్టున చేయి వేసింది. "పో, బండి నీదే" అంది మామతో. నేను ఆగలేక, రుమాలు చుట్టి ఒక ప్లగ్గు విప్పి చూశాను. తెలుపూ కాదు, నలుపూ కాదు, బిస్కెట్ రంగు. అత్తకు చూపించాను. "ఇగ బాగైంది బిడ్డకు" అంది. బానెట్ మీది ఆ పసుపు చేతి ముద్రను మామ కడగనివ్వలేదు. వానలు కడిగేదాకా అది అలాగే ఉంది.

ఈ మధ్య నేనొక బ్యాటరీ కారు కొన్నాను. మొదటగా అత్తనూ మామనూ ఎక్కించుకుని తిప్పాను. చప్పుడే లేదు. మామకు గేరు దొరక్క చేయి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దిగాక అత్త బానెట్ తెరిపించి, వంగి చాలాసేపు వెతికింది.

"దీని నాలిక యాడుందిరా?"

"దీనికి నాలిక లేదత్తా. ప్లగ్గులే ఉండవు."

"అయ్యో పాపం, మరి వేడి జేస్తె ఎవరికి జెప్పుకుంటది?"

తెర మీద అంకెలు వస్తాయని చెప్పబోయి మానేశాను. అప్పటి నన్ను తలచుకుంటే నవ్వొచ్చింది, ఎందుకో కాస్త దిగులూ వేసింది. కిందికి చూసుకుంటే, విప్పడానికేమీ లేని ఆ కారు ముందు నిలబడి నేను అప్పటికే రుమాలు తీసి చేతికి చుట్టుకుని ఉన్నాను.