పట్టుదారంలో వెలుగు

ఆ రోజుల్లో పదవులంటే మాకున్న మోజు పని మీద ఉండేది కాదు. చిక్కబళ్ళాపుర కాలేజీలో బీఎస్సీ చివరి ఏడాది చదువుతూ మేం ముగ్గురం పెట్టిన వెలుగు సంఘమే అందుకు సాక్ష్యం. ఫిజిక్సు ల్యాబు వెనక కిటికీ లేని చీకటి గది ఒకటి ఖాళీగా కనబడితే, దాని తలుపుకు 'బెళకిన సంఘ' అని కన్నడలో బోర్డు తగిలించి ఆ మధ్యాహ్నమే పదవులు పంచుకున్నాం. చింతామణిలో పట్టుగూళ్ళ నుంచి దారం తీసే ఇంటివాడు అధ్యక్షుడయ్యాడు. (ఏ మాటైనా ఒక కన్ను మూసి చెప్పేవాడు కాబట్టి వాడి పేరు ఫోకస్.) మండికల్ నుంచి రోజూ వచ్చేవాడు ఉపాధ్యక్షుడు. ఎవరేం చెప్పినా ఏడు అనుమానాలు లేవదీసేవాడు కాబట్టి వాడు ప్రిజమ్. బాగేపల్లిలో పప్పుల వ్యాపారి కొడుకునైన నేను కార్యదర్శిని. తీరా చూస్తే సంఘంలో సభ్యులే లేరు. చేరమని అడిగితే ప్రతివాడూ "నాకేం పదవి ఇస్తారప్పా?" అనేవాడు. ఒక్క సభ్యుడైనా లేకపోతే గది వెనక్కి తీసుకుంటానని మా లెక్చరరు బెదిరించడంతో, రిటైరు కావస్తున్న ల్యాబు అటెండరు చేత సంతకం పెట్టించుకున్నాం. ఆయన్ని ఆనాటి నుంచి 'మెంబరప్పా' అని మర్యాదగానే పిలిచేవాళ్ళం గానీ, పరిశోధన సమావేశాలకు మాత్రం రానిచ్చేవాళ్ళం కాదు. అవి నాయకులకే.

మా పరిశోధనకు మూలం లైబ్రరీలో చదివిన ఒక ఇంగ్లీషు పత్రిక. విదేశాల్లో వెంట్రుకంత సన్నటి గాజుదారంలో ఒక కొసన వెలుగు పంపితే, దారం ఎన్ని వంకలు తిరిగినా రెండో కొసన బయటికి వస్తుందని అందులో రాశారు. మేం నోరు తెరిచి చదువుతుంటే ఫోకస్ ఒక కన్ను మూసి, "పాపం, వాళ్ళ దగ్గర పట్టు లేదప్పా. అందుకే గాజుతో తిప్పలు పడతాండారు," అన్నాడు. ఆ మాట మాకు ఎంత సబబుగా తోచిందంటే, ప్రిజమ్ కూడా నాలుగు అనుమానాలతో సరిపెట్టాడు. పట్టు సన్నగా ఉంటుంది, మెరుస్తుంది, చింతామణిలో ఫోకస్ ఇంటినిండా ఉంది. ప్రపంచానికి ఇంతవరకూ ఇది తట్టలేదంటే కారణం ప్రపంచం చింతామణిలో పుట్టకపోవడమే అని నిర్ణయించుకున్నాం.

నాకు మాత్రం ఇందులో ఇంకో చిక్కు ఉంది. డిగ్రీ కాగానే నన్ను అంగట్లో కూర్చోబెట్టాలని మా నాయన. ఎమ్మెస్సీకి బెంగళూరు వెళ్ళాలని నేను. మా నాయన ఎలాంటివాడంటే, కందిబస్తా మూతి విప్పి చూపిస్తే అటు చూడనే చూడడు. బస్తా పక్కన ఇనుప గొట్టం గుచ్చి, లోపలి గింజలు అరచేతిలో పోసుకుని అప్పుడు మాట్లాడతాడు. నేను ఒక వారమంతా అన్నం దగ్గర మొహం మాడ్చుకుంటే చివరికి దిగివచ్చాడు. "మీ సంఘంలో కంటికి కనబడేది ఒక్కటన్నా చేసినారా? కాలేజీ సైన్సు మేళాకు నేనే వస్తా. చూపించు, పంపిస్తా. లేకుంటే అంగట్లో కూచో." నా భవిష్యత్తంతా ఇక ఫోకస్ వాళ్ళ పట్టు మీదే వేలాడింది.

మెంబరప్ప తన పాత సైకిలు ట్యూబు ఇచ్చాడు. దాన్ని నాలుగు మూరల పొడుగున కోసి, లోపల పట్టుదారాల కట్ట దూర్చి, రెండు వంకలు తిప్పి బల్లకు కట్టాం. చీకటి గదిలో ఒక కొసన టార్చి వేసి రెండో కొసన కన్ను పెడితే చీకటి తప్ప ఏమీ లేదు. పట్టుకు జిగురుంటుంది, అదే వెలుగును పట్టేస్తోందని ఫోకస్ తేల్చాడు. దారాన్ని సబ్బునీళ్ళలో మరగబెట్టాం. చీకటే. ఇంకోసారి మరగబెట్టాం. ఈసారి దారం మెత్తబడింది, చీకటి మాత్రం తగ్గలేదు. రెండు నెలలు ఇలా గడిచి, మేళా రేపనగా, టార్చి వెలుగు చాలడం లేదేమో, సూర్యుడికే చూపిద్దామని బల్లను వరండాలోకి మోసుకొచ్చాం. కొసను ఎండకు పెట్టి రెండో కొసన కన్ను ఆనించాను. చుక్కంత వెలుగు, తెల్లగా, తళతళలాడుతూ కనిపించింది. నాకు నిజంగానే కన్నీళ్ళొచ్చాయి. ముగ్గురం ఒకరినొకరు కావలించుకున్నాం. మెంబరప్ప ఏదో చెప్పబోతే, "ఇప్పుడొద్దప్పా, నాయకులు మాట్లాడుకుంటాండారు," అన్నాడు ఫోకస్.

మర్నాడు మా నాయన బాగేపల్లి బస్సు దిగి, భుజాన తువ్వాలుతో తిన్నగా వరండాకి వచ్చాడు. లెక్చరరు పక్కనే నిలబడ్డాడు. ఫోకస్ ఉపన్యాసం మధ్యలో ఉండగానే మా నాయన ట్యూబులోకి ఒకసారి తొంగిచూసి, నన్ను కన్ను పెట్టమని, తను ఎండ తగిలే కొస దగ్గరికి నడిచాడు. దానికి అరచెయ్యి అడ్డం పెట్టి, "వెలుగు వస్తాండాదా?" అన్నాడు.

"వస్తానే ఉండాది నాయనా," అన్నాను గర్వంగా. (ఆ క్షణంలో నేను అనుకున్నది ఇంతే: మా నాయన చెయ్యి కూడా మా వెలుగును ఆపలేకపోయింది.)

లెక్చరరు మొహం మారింది. ఫోకస్ మాత్రం తడబడలేదు. ఒక కన్ను మూసి, "పట్టు వెలుగును దాచిపెట్టుకుంటాది సార్. ఇది ఇంకో పరిశోధన," అన్నాడు.

మా నాయన బస్తాను తడిమినట్టు ట్యూబును ఆ కొస నుంచి ఈ కొస దాకా వేళ్ళతో తడుముకుంటూ వచ్చి, నా కంటికి జానెడు దూరంలో ఆగి, అక్కడ బొటనవేలు అదిమాడు. "ఇప్పుడు?"

చీకటి. రెండు నెలలుగా నేను బాగా ఎరిగిన చీకటే.

"ఈడ పంక్చరు ఉండాది," అన్నాడు మా నాయన.

అందరం మెంబరప్ప వైపు తిరిగాం. ఆయన ఏమాత్రం నొచ్చుకోకుండా, "పంక్చరు లేకుంటే మీకెందుకిస్తానప్పా?" అన్నాడు. "నిన్ననే చెప్పాలని చూసినా. మీరు మాట్లాడుకుంటాంటిరి." ప్రిజమ్ మొహం వేలాడేశాడు. వాడి ఏడు అనుమానాల్లో ఇదొక్కటే లేదు.

బస్టాండు దాకా మా నాయన వెనకే తలొంచుకుని నడిచాను. అంగడి గల్లా ముందున్న చాప కళ్ళకు కట్టింది. బస్సు ఎక్కబోతూ ఆయన ఆగి, "బెంగళూరు అర్జీ ఎప్పుడు పెట్టాల?" అన్నాడు.

"అది పని చేయలేదు కదా నాయనా."

"అందుకే పొమ్మంటాండా. మూసి చూసే బుద్ధి లేనోన్ని అంగట్లో కూచోబెడితే, ఊర్లో పుచ్చుకందులన్నీ మనింటికే వస్తాయి. ఇంకో రెండేండ్లు సదువుకో."

అలా నా ఉన్నత విద్య నా తెలివి వల్ల కాక, అంగడిని నా నుంచి కాపాడుకోవడానికి మొదలైంది. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు కాలేజీల్లో ఫిజిక్సు చెప్పాను. ఏ పిల్ల, ఏ పిల్లాడు సంబరంగా ఫలితం పట్టుకొచ్చినా నేను అడిగింది ఒక్కటే, "మూసి చూసినావా?" అని. నా దగ్గర చదివినవాళ్ళు దాన్ని నా గొప్పతనం అనుకుంటారు. అది బాగేపల్లి పప్పుల అంగడి నుంచి వచ్చిందని వాళ్ళకెప్పుడూ చెప్పలేదు. మా నాయన ఉన్నప్పుడు ఆయనకైనా చెప్పి ఉండాల్సింది.

ఫోకస్ చింతామణి నుంచి ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. వాడి గొంతు ఆనాడు పత్రికలో చదివిన ఆ గాజుదారంలోంచే వచ్చి, "ఇంకొక్కసారి మరగబెట్టుంటే వచ్చేదిరా," అంటుంది. నేను ఔనంటాను. ట్యూబుకు కన్ను ఆనించి 'వస్తానే ఉండాది నాయనా' అన్న ఆ కార్యదర్శిని తలచుకుంటే సిగ్గేస్తుంది, నవ్వూ వస్తుంది. కానీ వాడు అబద్ధమైతే చెప్పలేదు. వెలుగు వచ్చిన మాట నిజం. అది ఎటునుంచి వచ్చిందో చూసుకోలేదు, అంతే.