శుక్రవారం బయటికి రాని నోటు

బాకీ తీర్చడానికి నేను శుక్రవారం పోయాను. పొరపాటు అక్కడే జరిగింది.

మా ఆయన గుండె ఆపరేషన్‌కు నంద్యాలలో ఎరువుల అంగడి ఉన్న అన్న, ప్రోనోటు రాయించుకుని అప్పిచ్చాడు. తోడబుట్టినవాడు కాదు. ఏళ్లుగా ఆయన అంగడిలోనే ఎరువు కొంటూ అన్నా అని పిలిచేదాన్ని. మరుసటి ఏడు పసుపు అమ్మి, అసలూ వడ్డీ ఆళ్లగడ్డ నుంచి బస్సులో తీసుకుపోయాను. అన్న ఊళ్లో లేడు. వదిన లెక్కపెట్టుకుని దేవుని గూట్లో పెట్టింది. నేను రాసిచ్చిన ప్రోనోటు కూడా ఆ గూట్లోనే, లక్ష్మీదేవి పటం వెనక ఉంది. నాకు అంచు కనిపిస్తూనే ఉంది.

“శుక్రవారం పూట లక్ష్మి దగ్గరుండే కాగితం బయటికి పంపకూడదు వదినా. నీకు తెల్లందేముంది?” అంది.

తెలుసు. శుక్రవారం మేము ఉప్పు కూడా చేబదులివ్వం. తలూపి, యాగంటి ప్రసాదం ఆమె చేతిలో పెట్టి వచ్చేశాను. తర్వాత రెండుసార్లు అడిగాను. అన్న బీరువాలో పెట్టాడంది. మూడోసారి అడిగితే అనుమానించినట్టుంటుందని ఊరుకున్నాను.

ఏడాది దాటాక ఆ నోటు మీదే కోర్టు సమన్లు వచ్చాయి.

“ఇది మామూలు దావా కాదమ్మా,” అన్నాడు నేను పెట్టుకున్న లాయరు. “దీంట్లో నీ మాట చెప్పుకోవాలన్నా ముందు జడ్జిగారి అనుమతి కావాల. అది రాకుంటే నిన్ను అడిగేదే లేదు, డిక్రీ ఇచ్చేస్తారు.”

డిక్రీ అంటే మా పసుపు మడి పోవడమే.

“దుడ్లు ఇచ్చేటప్పుడు ఎవరుండ్రి?”

“దేవుడుండె సార్.”

“ఆయనకు సమన్లు పంపలేం గదమ్మా! ఇంకేమన్నా ఉందా?”

ఉంది. నేను డబ్బిచ్చిన మరుసటి రోజు వదిన ఫోన్‌లో రికార్డు చేసి పంపిన మాట. ప్రసాదం గురించి ప్రేమగా చెప్పిందని దాచుకున్నాను: “ప్రసాదం అందరం తిన్నాం వదినా. నువ్విచ్చిన దుడ్లు మీయన్నకిచ్చినా. కాగితం పంపిస్తాడ్లే.”

లాయరు రెండుసార్లు విని, అనుమతి కోసం నా పేరున అఫిడవిట్ రాశాడు. నేను బడికి పోలేదు. నాయన ఇంట్లో అక్షరాలు దిద్దించి, చదవకుండా సంతకం పెట్టొద్దమ్మా అనేవాడు. ప్రతి పంక్తీ చదివే పెట్టాను. వదిన పేరు వచ్చిన పంక్తి రెండుసార్లు చదివాను.

వాయిదా రోజు కోర్టు వరండాలో అన్న ఎదురొచ్చాడు.

“ఇంట్లో ఉండే మీ వదినను కోర్టుకీడుస్తాండావే, సిగ్గులేదా?”

“ఈడ్చింది నేనా అన్నా?”

అన్నా అనే వచ్చింది నోట.

ఆ డబ్బు చీటీ బాకీ కింద కట్టిందని వాళ్ల లాయరు వాదించాడు. నేను ఏనాడూ వాళ్ల దగ్గర చీటీ వేయలేదు. ఏ బాకీయో విచారణలో తేలాలి, ఈమె మాట వినాల్సిందేనని జడ్జి అన్నారు. డబ్బేమీ ముందు కట్టనక్కర లేకుండా అనుమతి ఇచ్చారు. గెలవలేదు. మాట్లాడే వీలు దొరికింది, అంతే. మెట్లు దిగుతూ దేవునికి దండం పెట్టుకున్నాను.

ఆపరేషన్ అయిన నాటి నుంచి దీపం దగ్గర నాకొక అలవాటు. మా ఆయన ప్రాణం నిలిపినవాళ్లను ఒక్కొక్కరినే తలచుకుంటాను. మొదట అన్నా వదినలు, తర్వాత డాక్టరు. ఆ సాయంత్రం మొదటి మాటే రాలేదు. డాక్టరుతో మొదలుపెట్టి ముగించాను. లేచి ఒత్తి సర్ది, మళ్లీ కూర్చున్నాను. ఆపరేషన్ నాడు డబ్బు తెచ్చి చేతిలో పెట్టింది వాళ్లే గదా.