కోర్టుకు పంపిన కర్ర

మా ముత్తాత పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత సూర్యాపేటకు బయలుదేరితే దారిలో చెప్పులు విడిచి నిలబడని మనిషి లేడు. మా నాన్న ఎక్కడికీ బయలుదేరేవాడు కాదు, ఆయన వెండిపొన్ను చేతికర్ర బయలుదేరేది. గట్టు తగాదా అయినా, వాటాల పంచాయితీ అయినా, ఊరివాళ్లు మంచం మీద జంపఖానా పరిచి కర్రను దానిపై పెట్టి, "దొరా" అని దానితోనే మొర చెప్పుకునేవాళ్లు. ఇది నేను గొప్పగానే చెబుతున్నాను. నేను సిగ్గుపడేది వేరే ఉంది.

"కోర్టు మీ తోటను మింగింది" అని మా బంధువులు పెళ్లిళ్లలో ఇప్పటికీ అంటారు. వింటే ఒళ్లు మండుతుంది. కోర్టు మింగలేదు.

నిజాం రాజ్యంలోకి యూనియన్ సైన్యాలు వచ్చిన మరుసటి ఏడు, కోదాడలో ఉండే మా నాన్న దాయాది సూర్యాపేట మున్సిఫు కోర్టులో దావా వేశాడు. నాకు చిన్నాయన వరస. కోదాడ దారిలోని మామిడి తోట తనదని దావా. మా పొలాలు అప్పటికే చేతులు మారాయి, తోట ఒక్కటే మిగిలింది. అది మాదేనని చెప్పే దస్తావేజు మా సందూకలోనే ఉంది.

కోర్టు బంట్రోతు సమన్లు తెచ్చాడు. వాడి తండ్రి మా గుర్రాలకు మేత వేసినవాడు.

"దొరా, నీ బాంచెను, జర తీస్కో. లేకుంటే తలుపుకు అంటియ్యాలె."

"అంటిచ్చుకో. నేను ముట్టని కాయితం నన్నేం జేస్తది?" అన్నాడు మా నాన్న.

వాడు గంజి పూసి పెద్ద టేకు తలుపుకు అంటించి, ఇద్దరు సాక్షుల వేలిముద్రలు తీసుకున్నాడు. ఇద్దరూ మా జీతగాళ్లే.

నేను మిర్యాలగూడ పోయాను. మా మేనమామ అక్కడ వకీలు.

"తలుపుకు అంటిస్తే చేతికిచ్చినట్టే అల్లుడా," అన్నాడాయన. "ఇది ఇంగ్లీషోళ్ల కాడ పుట్టిన పద్ధతి. నిజాం కోర్టుల్ల ఉర్దూల రాసినా అదే. ఒకడు దావా వేస్తే రెండోవానికి కబురు చేరాలె. వాడు గడువుల జవాబు రాసియ్యాలె, కాయితాలు చూపియ్యాలె, పేషీకి రావాలె. రాకుంటే, వచ్చినోని మాటే నిలుస్తది. మీ నాయన గడప దాటకున్నా సరే. వకాలత్‌నామా మీద ఒక్క సంతకం తీస్కరా, తక్కింది నేను చూస్కుంట."

మా నాన్న ఆ కాగితాన్ని చూడనైనా లేదు. "నా తరఫున బామ్మర్ది మాట్లాడుడేంది? నేను మూగోన్నా?" పేషీ నాడు కర్ర తీసి నా చేతికిచ్చాడు. "తీస్కపో. నువ్వు నోరు తెరవకు. ఇది ఉంటే నేనున్నట్టే."

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. తీసుకుపోయాను.

కోర్టు వరండాలో చిన్నాయన ఎదురయ్యాడు. "ఏం అబ్బాయ్, కర్రకి బువ్వ పెట్టారా? పొద్దున్నే ప్రయాణమైంది!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. లోపల బంట్రోతు మా నాన్న పేరును 'దొర' లేకుండా మూడుసార్లు అరిచాడు. నేను ముందుకు పోయి కర్రను బల్ల మీద పెట్టాను.

"ఇదేంది?" అన్నాడు మున్సిఫు.

"మా నాన్నగారు."

ఈసారి కోర్టంతా నవ్వింది. మున్సిఫు మాత్రం నవ్వలేదు. "కర్ర ప్రమాణం చెయ్యదు బాబూ. జవాబు కూడా దాఖలు కాలేదు. నువ్వు కొడుకువు గదా, వాయిదా కావాలని అడుగు, ఇస్త."

నేను నిటారుగా నిలబడ్డాను. ఆయన మళ్లీ అడిగాడు. ఒక్క మాట చాలు. ఒక్క ముక్క పలికితే తోట నిలిచేది. ఆ నవ్వినవాళ్ల ముందు అడుక్కోవడమా అని పళ్లు బిగించాను. ఆ బిగువును నేనిప్పటికీ క్షమించలేదు. మా నాన్ననూ క్షమించలేదు.

చిన్నాయన సాక్ష్యం ఒక్కటే విని మున్సిఫు ఏకపక్షంగా డిక్రీ ఇచ్చాడు. దాన్ని రద్దు చేయించుకోవడానికి ముప్పై రోజుల గడువుంటుందని, రాకపోవడానికి తగిన కారణం చూపాలని మేనమామ చెప్పాడు. "జ్వరమని రాద్దాం బావా," అన్నాడు.

"నాకు జ్వరం రాలే," అన్నాడు మా నాన్న. అబద్ధమాడనన్నాడు. పిలిస్తే పోనందుకు తప్పయిందని రాయమంటే అదీ రాయనన్నాడు. ముప్పై రోజులు అట్లాగే గడిచాయి. కోర్టు అమీను వచ్చి తోటను చిన్నాయనకు అప్పగించిపోయాడు. మా దస్తావేజు సందూకలోనే ఉండిపోయింది, దాన్ని ఏ జడ్జీ చదవలేదు.

తోట పోయాక ఇల్లు గడవలేదు. మరుసటి ఎండాకాలం ఆ టేకు తలుపులు రెండూ, ద్వారబంధంతో సహా, మిర్యాలగూడ బియ్యపు మిల్లు యజమానికి అమ్మాము.