తొమ్మిదో నంబరు చొక్కా

మోకాళ్ళ నొప్పికి మా ఆవిడ ఆవనూనెలో కర్పూరం వేసి కాస్తుంది. వైశాలి నగర్‌లో మాది చిన్న ఇల్లు. వంటింట్లో గిన్నె వేడెక్కితే వాసన వీధి గుమ్మం దాకా వస్తుంది. కర్పూరం ఘాటు తగిలితే అందరికీ దేవుడు గుర్తొస్తాడు, నాకు సన్యాసి మావ గుర్తొస్తాడు. మొన్న డాక్టరుగారు నా మోకాలు నొక్కి చూసి, ఆటగాళ్ళకే ఇలా అరుగుతాయి, ఏం ఆడేవారు అని అడిగారు. ఫుట్‌బాల్ అన్నాను. అది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. ఆ రెంటికీ మధ్య ఉన్న సందులో నేను నలభై ఏళ్ళుగా కాపురం ఉంటున్నాను.

మావ పూర్తి పేరు సన్యాసయ్య, శ్రీకాకుళం వైపు మనిషి. ఈ హిందీ ఊరి ఉక్కు కర్మాగారంలో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో ఇటుక మేస్త్రీ. కార్మికుల బస్తీ క్యాంప్ 2లో రేకుల ఇల్లు. పిల్లలు లేరు, పదకొండు మంది కుర్రాళ్ళున్న ఫుట్‌బాల్ జట్టు ఉంది. డెబ్బైల చివర, నాకు ఇరవై ఏళ్ళప్పుడు, నేను ఆ జట్టులో పన్నెండోవాణ్ణి. ఆ పదకొండు మందికీ కాళ్ళు సరిగ్గా ఉన్నన్నాళ్ళూ నాకు చేతినిండా పనిలేదు, కాలినిండా అసలే లేదు. ఆట రాకపోయినా ఆటపట్టించడం వచ్చు కాబట్టి నన్ను ఉండనిచ్చారు. పైగా హయ్యర్ సెకండరీ పాసయినవాణ్ణి, టోర్నమెంటు కాగితాలు నింపడానికి కావాలి. మా శిక్షకుడి పేరు సన్యాసి, గోల్స్ వేసేవాడి పేరు బైరాగి. వాళ్ళిద్దరికీ కప్పు మీద ఉన్న వ్యామోహం చూస్తే, పేర్లు పెట్టిన పెద్దలు దేన్ని వదులుకోమని పెట్టారో అర్థమయ్యేది కాదు.

ఆట ఉన్న రోజు మధ్యాహ్నం మావ ఇంటిముందు ఒక కార్యక్రమం జరిగేది. ఆయన పీట వేసుక్కూర్చుని, కర్పూరం వేసి కాచిన నూనె గిన్నె పక్కన పెట్టుకుని, ఆడబోయే పదకొండు మంది కాళ్ళకూ తన చేతులతో తోమేవాడు. జట్టు ఎవరన్నది నోటితో చెప్పేవాడు కాదు. ఎవరి కాళ్ళకి నూనె పడితే వాళ్ళు ఆడతారు. ఇటుకలు మోసి మోసి గరుకెక్కిన అరచేతులవి. పిక్క మీద పడితే బైరాగి లాంటి వాడు కూడా పళ్ళు బిగించేవాడు. రెండేళ్ళు నేను పంట్లాం మోకాళ్ళ దాకా మడుచుకుని ఆ వరస చివర కూర్చున్నాను. నా దగ్గరికి వచ్చేసరికి గిన్నె ఖాళీ అయ్యేది. మావ తన రెండు చేతులూ నా జుట్టుకి తుడుచుకుని, "నీకిది సాల్లేరా, బుర్రకి మంచిది" అనేవాడు. అందరూ నవ్వేవారు. నేనే ముందు నవ్వేవాణ్ణి.

బైరాగి గురించి కూడా చెప్పాలి. మావ పనిచేసే చోటే కంట్రాక్టరు కింద కొలిమి ఇటుకలు మోసేవాడు. నెలకోసారి గేటు పాసు. పాసు ఇస్తే ఆ నెల పని ఉన్నట్టు, ఇవ్వకపోతే లేనట్టు. ప్రతి నెలాఖరునా అతని ముఖం పరీక్ష ఫలితాల కోసం చూసే పిల్లాడిలా ఉండేది. ఆ ఏడు మా జట్టు లీగులో పైకి రావడంతో ఒక కబురు వచ్చింది. ఊళ్ళో ఒక కంపెనీ తన జట్టుకోసం ఆటగాళ్ళను తీసుకుంటోందట, తీసుకుంటే పర్మనెంటు ఉద్యోగమట. ఆ జట్టును ఎంచే అధికారి క్యాంప్ 2 జట్టులో తొమ్మిదో నంబరు గురించి విన్నాడు, సెమీఫైనల్‌కి వచ్చి చూస్తాడట. తొమ్మిదో నంబరంటే బైరాగి. ఆ రాత్రి నుంచీ కప్పు కంటే అతని ఉద్యోగమే మా అందరి పందెం అయిపోయింది.

అప్పటికి లీగులో ఒక్క ఆట మిగిలింది. గెలిచినా ఓడినా సెమీఫైనల్లో మా చోటు మాదే. బైరాగి చీలమండ వాచి ఉంది. మరి ఇద్దరు కుంటుతున్నారు. ఆడేవాళ్ళను ఆపి, నాలాంటి మిగులు సరుకునూ, పేటలో బంతి తన్నగల మరో ఇద్దరినీ దింపాలా, అక్కర్లేదా అన్నది ప్రశ్న. టీ కొట్టు దగ్గర సాయంత్రమంతా వాదించుకున్నారు. మావ ఒప్పుకోలేదు. ఆయనకు లోకంలో ప్రతిదీ కోక్ ఓవెన్ లాగే కనిపించేది. ఒకసారి నిప్పు పెట్టిన ఓవెన్ని మళ్ళీ చల్లారనివ్వరు. చల్లారితే లోపల ఇటుక పగులుతుంది, తర్వాత ఎంత మంట పెట్టినా అది పనికిరాదు.

"కుర్రాల్లు యేడి మీదున్నారు. ఇప్పుడాపితే పగిలిపోతారు," అన్నాడు.

బైరాగి కూడా ఆడతానన్నాడు. కాలికి ఏమీ కాలేదని, కావాలంటే చూడమని నేలమీద తపతపా కొట్టి చూపించాడు. కొడుతున్నప్పుడు కళ్ళు మూసుకున్నాడు. అది చూసి మావ నా వైపు తిరిగాడు.

"ఏటంతావు బాస్కరూ? సదువుకున్నోడివి. సెప్పు."

"మనుషులు ఇటుకలు కారు మావా," అన్నాను. "ఓవెన్ చల్లారితే పగులుతుంది, కాలు చల్లారితే అతుక్కుంటుంది. సెమీఫైనల్ రోజుకి బైరాగి కాలు కావాలా, ఈ ఉత్తుత్తి ఆటకి కావాలా?"

బాగా చెప్పాను. చెబుతున్నప్పుడే నాకు తెలుసు బాగా చెబుతున్నానని. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఆ మాటల వెనక నేను చూస్తున్నది బైరాగి చీలమండను కాదు, నూనె గిన్నెను. వాళ్ళు ఆగితే ఒక్కసారైనా ఆ చేతులు నా కాళ్ళ మీద పడతాయి. మావ టీ గ్లాసు కింద పెట్టి, సరేనన్నాడు. నా మాటకు ఆయన నమ్మకాన్ని మార్చుకోవడం అదే మొదలు.

ఆ ఆట రోజు మధ్యాహ్నం నా కాళ్ళకి నూనె పడింది. ప్రాణం పోయినంత నొప్పి, పట్టరానంత సంతోషం. మాకున్నవి పదకొండే చొక్కాలు, ఎవరు ఆడితే వాళ్ళవి. బైరాగి తన చొక్కా తెచ్చి తనే నా మెడలో వేసి, వెనక సర్ది, "సినిగితే నువ్వే కుట్టాల గురూ" అన్నాడు. తర్వాత చెప్పులేసుకుని, నిమ్మకాయ ముక్కల గిన్నె పట్టుకుని గీత బయట నిలబడ్డాడు.

ఆట గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. అవతలి జట్టు అడుగున ఉన్నది, వాళ్ళకీ ఆసక్తి లేదు. ఒక బంతి ఎవరి కాలికో తగిలి, పారిపోదామని తిరిగిన నా మోకాలికి తగిలి, గోల్లోకి వెళ్ళింది. మరొకటి నేను నిజంగానే కొట్టాను, అదీ వెళ్ళింది. ఆట అయ్యాక సఫారీ సూటు వేసుకున్న ఒకాయన చిన్న పుస్తకంతో నా దగ్గరికి వచ్చాడు. సెమీఫైనల్ రోజున తనకు వేరే ఊళ్ళో పని పడిందని, అందుకే ముందుగా వచ్చానని హిందీలో అన్నాడు. నా వీపు మీద నంబరు ఇంకోసారి చూసుకున్నాడు.

"నామ్ క్యా హై?" అని పేరడిగాడు.

పది గజాల దూరంలో బైరాగి నిమ్మకాయ గిన్నె పట్టుకుని ఇటే చూస్తున్నాడు. ఆయనెవరో అతనికి తెలియదు. నా వెనక మావ నూనె సీసాతో నిలబడ్డాడు. ఈ చొక్కా నాది కాదు, మీరు వచ్చింది అతని కోసం అని చెప్పడానికి హిందీలో ఎన్ని మాటలు కావాలి? నాకు హిందీ తెలుగు కంటే బాగా వచ్చు.

"భాస్కరరావు," అన్నాను. ఆయన రాసుకున్నాడు.

సెమీఫైనల్లో బైరాగి ఆడిన ఆట క్యాంపులో చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. చీలమండ వాపు పూర్తిగా తీసింది. రెండు గోల్స్. చూడవలసినవాడు చూడలేదు. ఫైనల్ కూడా గెలిచాం. కప్పులో పాయసం పోసుకుని తాగుతూ, మా వాళ్ళను ఆపమన్న తెలివి భాస్కరరావుదేనని అందరూ మెచ్చుకున్నారు. బైరాగి నా భుజం మీద చెయ్యేసి, "నువ్వు సెప్పబట్టే నా కాలు బతికింది" అన్నాడు. నా సలహా తప్పయి ఉంటే బావుండేదని నాకు అప్పుడు అనిపించింది. తప్పు చేసినవాణ్ణి కనీసం తిడతారు.

నెలలోపల ఆ కంపెనీ నుంచి నాకు ఉత్తరం వచ్చింది. నా రెండు గోల్స్ ఎవరో చూసి పిలిచారని క్యాంపులో అనుకున్నారు. ఉద్యోగంలో చేరాను. అక్కడా పన్నెండోవాణ్ణే; రెండేళ్ళు బల్ల మీద కూర్చోబెట్టి, విసిగి, స్టోర్సులో గుమాస్తాగా కూర్చోబెట్టారు. మావ ఆ అధికారి ఇంటికి మూడుసార్లు వెళ్ళాడని, బైరాగిని కూడా ఒకసారి చూడమని అడిగాడని, ఖాళీలు నిండాయని చెప్పి పంపేశారని తర్వాత తెలిసింది. మరుసటి ఏడు ఒక నెలాఖరున బైరాగికి గేటు పాసు రాలేదు. ఒడిశా వైపు పనికి వెళ్ళే గుంపుతో పోయాడు. పోయేముందు మా ఇంటికి వచ్చి, పాతబడిన ఆ తొమ్మిదో నంబరు చొక్కా ఇచ్చాడు. గుర్తుగా ఉంచుకోమన్నాడు. చంక కింద చిరిగిన చోట తనే కుట్టుకున్నాడు. ఆ తర్వాత అతని కబురు ఎవరికీ అందలేదు.

ఎనభైలలో మావ కాళ్ళు పడిపోయాయి. మధ్యాహ్నం డ్యూటీ ఉన్న వారాల్లో నేను పొద్దున్నే వెళ్ళి, నూనె కాచి ఆయన కాళ్ళకు తోమేవాణ్ణి. ఆ పని సరిగ్గా చేయడానికి నా చేతుల్లో గరుకు లేదు, కాగితాల చేతులు. ఒక రోజు ఎన్నాళ్ళ నుంచో నోట్లో నానుతున్న మాట మొదలుపెట్టాను. ఆ రోజు ఆ అధికారి నా పేరు అడిగినప్పుడు మావా, అన్నాను. అంతకంటే సాగలేదు.

"నీ పేరడిగేడు, నీ పేరు సెప్పేవు. నానెనకాలే ఉన్నాను కదరా. నాకు నోరు నేదేటి?"

గోడ వైపు తిరిగి మళ్ళీ అన్నాడు.

"ఇద్దరిలో ఒక్కడైనా లోపలికెల్తాడు కదా అనుకున్నాను. బైరాగికి తెలుస్తాదేమోనని బెంగ. ఆడేమో ఇంటికొచ్చి నా కాళ్ళకి దండమెట్టి మరీ ఎల్లేడు."

తర్వాత ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. నన్ను క్షమించి ఉంటే ఆయన్ని నేను మరిచిపోయేవాణ్ణేమో. క్షమించలేదు, తిట్టలేదు, ఆ భారానికి రెండో కొస తను పట్టుకున్నాడంతే. ఆ ఏడే ఆయన పోయాడు. అప్పటి నుంచి రెండు కొసలూ నా దగ్గరే ఉన్నాయి. పేరుకి సన్యాసి ఒకరు, బైరాగి ఒకరు. ఉద్యోగం, ఇల్లు, పింఛను అన్నీ పుచ్చుకున్న సంసారిని నేను.

ఇప్పటికీ బ్యాంకులోనో ఆసుపత్రిలోనో కిటికీ అవతల కూర్చున్నవాళ్ళు పేరేమిటని అడిగితే నేను వెంటనే చెప్పలేను. ముసలాయనకు వినబడలేదనుకుని రెండోసారి గట్టిగా అడుగుతారు. వినబడుతుంది. ఎవరైనా చెప్పులతో, నిమ్మకాయ గిన్నెతో నిలబడి ఉన్నారేమోనని ఒకసారి పక్కకి చూస్తాను. ఎవరూ ఉండరు. అప్పుడు నా పేరు చెబుతాను.