ఈడ మనిషంటే నువ్వొకదానివే

నా ఉద్యోగానికి నేనే ఎసరు పెట్టుకున్న వైనం చెబుతాను, వినండి. ఎసట్లోకి నీళ్ళు కూడా నేనే మోశాను.

యానాం నుంచి పుదుచ్చేరి వచ్చి మానసిక చికిత్స వార్డులో నర్సుగా చేరిన కొత్త. మరో వారంలో ఉద్యోగం ఖాయం కావాలి. అక్కడ ఒకటే సూత్రం: రోగి ఏమడిగినా పుస్తకంలో రాయాలి, నర్సులందరూ ఒకే జవాబు చెప్పాలి. కుమార్ అనే రోగి విషయంలో మరీ గట్టిగా చెప్పారు. మాటలతో మనుషుల్ని వాడుకుంటాడు, ఫోన్లో ఇంటివాళ్ళని బెదిరిస్తాడు, నర్సు పక్కన లేకుండా ఫోను ఇవ్వొద్దు అని అతని ఫైల్లో ఉంది. చదివాను. చదివి, "పాపం, ఇతన్ని ఎవరూ అర్థం చేసుకోలేదు" అనుకున్నాను. ఇరవై రెండేళ్ళ వయసు కదా, నాకు అర్థం కానిది లేదు!

కుమార్‌ది ఆ ఊళ్ళోనే ముత్తియాల్‌పేట, ఇంట్లో తెలుగే. వార్డంతా తమిళం. హెడ్ నర్సు సరోజక్కకి తెలుగు వచ్చు గానీ నన్ను తిట్టడానికే వాడేది. ఇతను మాత్రం, "యాడికి చెల్లెమ్మా ఆ పరుగు? తిన్నావా?" అనేవాడు. ఇల్లు వదిలి వచ్చిన పిల్లకి ఆ రెండో మాట చాలు.

ఒక మధ్యాహ్నం అడిగాడు. "ఈడ మనిషంటే నువ్వొకదానివేమ్మా. ఆ సరోజక్క రాయి. మా అమ్మతో అయిదు నిమిషాలు మాట్లాడుకుంటా, నీ ఫోనియ్యి."

"పక్కనే కూర్చుంటాను."

"అమ్మ గొంతింటే ఏడస్తాను చెల్లెమ్మా. నువ్వు చూస్తే సిగ్గు."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అతని నోరు మంచిదై నా ఫోను అతనిదైంది. దాన్ని పట్టుకుని బాత్రూంలోకి పోయాడు.

అయిదు నిమిషాలు పదయ్యాయి. కూర్చోలేను, నిలబడలేను. మందుల ట్రే సర్దాను, చెదరగొట్టి మళ్ళీ సర్దాను. ఒకే పెద్దాయనకి మూడుసార్లు బీపీ చూస్తే ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నిజానికి చూడాల్సింది నాది. అతను వాళ్ళమ్మని బెదిరిస్తుంటే?

ఇంతలో వార్డు ఫోను మోగింది. సరోజక్క ఎత్తి, "ఊఁ... ఊఁ... అట్నా?" అని పెట్టేసి నావైపు తిరిగింది.

"కొత్త నర్సు రోగులకి ఫోనిస్తా ఉందంట. ఎవరో ఫిర్యాదు."

"ఎవరక్కా?"

"పేరు చెప్పలే. ఫోన్లో ఎనకాల మన బాత్రూం కొళాయి కారే సప్పుడు ఇనబడతా ఉండాది."

కుమార్ బయటికొచ్చి నా ఫోను నేరుగా ఆమె చేతిలో పెట్టాడు. "చూడక్కా, నిజం చెప్పినా గదా! ఒక బీడీ ఇప్పించు. ఈడ మనిషంటే నువ్వొకదానివే."

"పుస్తకంలో రాస్తా. ఇప్పటికి లేదు, పో," అందావిడ. ఫోన్లో చూస్తే వాళ్ళమ్మకి కాల్ పోనేలేదు, పోయింది వార్డుకొక్కటే. ముందు నాకు ప్రాణం లేచొచ్చింది, తరవాత తల వంగిపోయింది.

"నీతో గూడా అదే మాటన్నాడా?"

"ఊఁ."

"వాచ్‌మేన్‌తో గూడా అన్నాడులే. రాయి," అని పుస్తకం నా ముందుకు తోసింది. ఉద్యోగం ఖాయం కావడం మూడు నెలలు వెనక్కి పోయింది.

ఆ పుస్తకం మీదే చెయ్యి వేసి ప్రమాణం చేశాను: నేనొక్కదాన్నే మనిషినన్నవాళ్ళకి మంచినీళ్ళు కూడా రాసుకోకుండా ఇవ్వను. ఆ తరవాత కొన్నాళ్ళకి పెళ్ళిచూపుల్లో మా ఆయన, "నన్ను అర్థం చేసుకునేది మీరొక్కరే అనిపిస్తోందండీ" అన్నాడు. గబుక్కున బల్ల మీది ఫోను తీసి సంచిలో వేసుకున్నాను.